ఎర్ర గిటార్‌కు గ్రేస్ మార్కులు

ఆగస్టు 2, శనివారం

ఈ రోజు నుంచి డైరీ రాయక తప్పదు. ఇరవై రోజులుగా రెండు గిటార్ల మధ్య ఊగుతున్నాను. ఈ ఇరవై రోజుల్లో నాకు నేను చెప్పుకున్న కారణాలు రోజుకొకటి చొప్పున మారాయి. మనసులో అనుకున్నవి మర్నాటికి గుర్తుండవు. కాగితం మీద పెడితే దొరికిపోతాను. దొరికిపోవాలనే రాస్తున్నాను.

ఈ నెల 24, ఆదివారం ప్రాక్టీసుకు సొంత ఎలక్ట్రిక్ గిటార్‌తో రాకపోతే నా చోటు ఇంకొకరికి ఇచ్చేస్తానని అలేఖ్య చెప్పింది. పాట తనది, బ్యాండూ తనదే. వినాయక చవితి మూడో రోజున నాగోల్‌లో ఒక అపార్ట్‌మెంట్ మండపం దగ్గర మా నలుగురి ప్రోగ్రాం. మొదటిసారి జనం ముందు. రెండేళ్లుగా నేను వాయిస్తున్నది అలేఖ్య తమ్ముడి గిటార్. అతను వచ్చేవారం విశాఖపట్నం పోతూ దాన్ని తీసుకుపోతున్నాడు.

"నీ మీద నమ్మకం లేక కాదే," అంది అలేఖ్య. "గిటార్ లేకుండా స్టేజి మీద చేతులు ఊపితే జనం దోమలు తోలుతున్నావనుకుంటారు."

నేను చూస్తున్న రెండూ దిల్‌సుఖ్‌నగర్‌లోనే, మా కోచింగ్ సెంటర్ మెట్లు దిగి మిర్చి బజ్జీల బండి దాటితే వచ్చే త్రినాథరావు గారి వాద్యాల దుకాణంలో ఉన్నాయి. ఒకటి గోధుమరంగుది, ఊరూ పేరూ లేనిది, పన్నెండు వేలు. రెండోది ఎర్రది, విదేశీ కంపెనీ పేరున్నది, ఇరవై ఆరు వేలు. నేను రెండేళ్లు దాచినవి ఇరవై ఎనిమిది వేలు.

మా ఇంట్లో ఇప్పటిదాకా ఎవరూ పనికిరాని వస్తువు కొనలేదు. ఇదే మొదటిది. అందుకే తప్పు కొనకూడదు.

ఆగస్టు 3, ఆదివారం

నేను బ్యాంకు పరీక్షలకు వెళ్ళేవాళ్ళకు లెక్కలు చెప్పేదాన్ని. మా ఇంట్లో బడి మెట్లు ఎక్కిన మొదటి మనిషిని. కాబట్టి ఈ పని పద్ధతిగా చేయాలని ఒక పట్టిక గీశాను. మొత్తం నూరు మార్కులు. ధ్వనికి నలభై, మెడకు ముప్పై, ధరకు ఇరవై, అందానికి పది. మెడ అంటే గిటార్‌లో ఎడమ చేయి పట్టుకునే పొడుగాటి చెక్క. తీగలు దాని మీదుగానే పోతాయి. మెడ నిటారుగా లేకపోతే అంతా వృథా అని చదివాను.

గోధుమరంగుది 78. ఎర్రది 61.

తేలిపోయింది. చదువు అంటే ఇదీ.

ఆగస్టు 5, మంగళవారం

తేలలేదు. క్లాసు అయ్యాక మళ్ళీ దుకాణానికి వెళ్ళాను. త్రినాథరావు గారు తణుకు నుంచి వచ్చి ముప్పై ఏళ్ళయిందట. వీణలకు తీగలు మార్చే చేతులతోనే గిటార్లకూ మారుస్తారు. నన్ను చూడగానే రెండూ దింపి బల్ల మీద పెట్టారు. నేను అడగకముందే అన్నారు:

"ఎర్రదానికి పేరుందమ్మా. గోధుమరంగుదానికి మెడ ఉంది."

"అంటే అండీ?"

"మీరు వాయించేది మెడ మీద కదమ్మా, పేరు మీద కాదు. ఈ రకం ఎర్రవి మూడు వచ్చాయి నాకు. రెండు అమ్ముడుపోయాయి. ఇది మాత్రం నాకు అంత నచ్చలేదు. గోధుమరంగుది తీసుకోండి. మిగిలిన డబ్బుతో సుబ్బరంగా ఒక మంచి బ్యాగు కొనుక్కోండి."

ఒక దుకాణదారు ఇరవై ఆరు వేల వస్తువు చేతిలో పెట్టుకుని పన్నెండు వేలది కొనమంటున్నాడు. నేను లాభనష్టాల పాఠం చెప్పేదాన్ని. ఆయన ఎందుకలా అంటున్నాడో ఆలోచించాలి.

మాట్లాడుతూ ఒకసారి నా చెప్పుల వైపు చూశారు. చూశారనే అనుకుంటున్నాను.

ఆగస్టు 6, బుధవారం

ప్రాక్టీసులో గౌతమ్‌ను అడిగాను. గౌతమ్ మా బ్యాండులో రెండో గిటార్. వాళ్ళింట్లో గోడకు మూడు గిటార్లు వేలాడుతుంటాయి. వాటి ముందు కూర్చుని వీడియోలు తీస్తాడు. తాళం మాత్రం వాటిలో దేనితోనూ కుదరదు.

"ఇరవై వేల లోపు దాన్ని గిటార్ అనరు రోహిణీ," అన్నాడు. "గిటార్ షేప్ అంటారు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నేను కొంచెం ఎక్కువ నవ్వాను.

ఆగస్టు 7, గురువారం

పట్టికలో ఒక పొరపాటు జరిగింది. కంపెనీ పేరుకు మార్కులే ఇవ్వలేదు. పదిహేను కేటాయించాను. ఎక్కడో తగ్గించాలి కాబట్టి మెడలోంచి తీశాను. గోధుమరంగుది 72. ఎర్రది 68.

ఆగస్టు 10, ఆదివారం

అమ్మకు చెప్పాను. మా అమ్మ ఇంద్రమ్మ గిటార్ ఎప్పుడూ పట్టుకోలేదు గాని, ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్ దాకా ఆమె బేరమాడని బండి లేదు. అంతా విని, పప్పు ఏరుతూ ఒకటే అడిగింది.

"ఏది కొనుమంటుండు ఆ సేటు?"

"చవకది."

పళ్ళెం పక్కన పెట్టింది. "అమ్మేటోడు చవకది కొనుమంటుండా? అయితే గది అమ్ముడు వోని సామాన్. నీకు అంటగడుతుండు. నువ్వు గంత సదువు సదివినవ్, గిది తెల్వదా బిడ్డా?"

"ఆయన మంచిగనే చెప్పినట్టున్నడమ్మా."

"మంచిగ చెప్పేటోడు దుకాణం పెడ్తడా?"

తర్వాత ఆలోచిస్తే ఇందులో తర్కం ఉందనిపించింది. అమ్మేవాడు ఏది వద్దంటే అదే మంచిది. నాకు తెలిసినవాళ్ళంతా ఇలాగే కొంటారు, ఇళ్ళ స్థలాలతో సహా.

"మీ నాయినను తోల్కవో. చెక్క సామానే గద," అంది అమ్మ.

నాన్నకు పని ఉంది.

ఆగస్టు 12, మంగళవారం

మూడో బ్యాచ్‌లో ఒకమ్మాయి, "మేడం, ధర పెరిగితే నాణ్యత కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుందని అనుకోవచ్చా?" అని అడిగింది. లెక్కలో అలా ఇస్తే అనుకోవచ్చు అన్నాను. బయట? అంది. సిలబస్‌లో లేదు అన్నాను.

ఆగస్టు 14, గురువారం

'అందం' అనే శీర్షిక పిల్లతనంగా ఉంది. 'వేదికపై ప్రభావం' అని మార్చాను. అంత పెద్ద పేరుకు పది మార్కులు సరిపోవు, ఇరవై ఐదు చేశాను. ధరకు అయిదు చాలు, ఒకసారే కదా ఇచ్చేది. మెడలోంచి ఇంకో అయిదు తీసి కంపెనీ పేరుకు కలిపాను.

గోధుమరంగుది 70. ఎర్రది 70. సమానం వచ్చినప్పుడు మా సెంటర్‌లో ఒక గ్రేస్ మార్కు ఇచ్చే ఆనవాయితీ ఉంది.

ఎర్రది 71.

లెక్క తప్పదు. నేనేం చేయను.

ఆగస్టు 15, శుక్రవారం

కొన్నాం! సెలవు, పైగా శ్రావణ శుక్రవారం. లక్ష్మి ఇంటికి రావాల్సిన రోజని అమ్మ జరీ చీర కట్టుకుని వచ్చింది. నాన్నకు పని ఉంది.

త్రినాథరావు గారు మళ్ళీ గోధుమరంగుదాని మీద చెయ్యి వేశారు. అమ్మ నా మోచేతిని గిల్లింది. 'చూసినవా, మళ్ళ అంటగడుతుండు' అని దాని అర్థం.

"ఎర్రదే గావాలె. ఎంతకిస్తవ్ సేటూ?"

"నేను సేటుని కాదమ్మా, త్రినాథరావుని. ఇరవై ఆరు. అందులో సెటప్ కూడా కలిపే చెబుతున్నాను."

"సెటప్ అంటే ఏంది?"

"తీగల ఎత్తు సరిచేసి, మెడ కొంచెం బిగించి, వాయించడానికి వీలుగా చేసిస్తామమ్మా."

"అంటే ఇప్పుడు వాయిస్తే మోగదా?"

"మోగుతుందనుకోండి..."

"మోగేదాన్ని మోగేటట్టు చేసుడేంది? తీసెయ్. గదెంతో తగ్గియ్."

ఆయన నా వైపు చూశారు. చదువుకున్న అమ్మాయిని, నేను ఏదైనా అంటానని. నేను ఎర్ర రంగు వైపు చూస్తున్నాను.

"పదిహేను వందలు తగ్గుతుందమ్మా. ఇరవై నాలుగున్నర. నచ్చకపోతే వారం లోపు మార్చిస్తాను, కాని కొత్తది కొత్తగానే ఉండాలి."

మెట్రోలో అమ్మ ముగ్గురికి చెప్పింది, తాను పదిహేను వందలు తగ్గించిన సంగతి. వినేవాళ్ళలో ఒకాయన చేతులు జోడించాడు.

ఇంటికి రాగానే అమ్మ దాన్ని దీపం ముందు పెట్టి పసుపు రాసింది, కుంకుమ బొట్లు పెట్టింది, గుమ్మంలో కొబ్బరికాయ కొట్టింది. నాన్న బండి కొన్నప్పుడు కూడా ఇలాగే చేసింది. ఎరుపు మీద కుంకుమ కనబడటం లేదని ఇంకో రెండు బొట్లు ఎక్కువ పెట్టింది.

ఆగస్టు 16, శనివారం

చాలా అందంగా ఉంది. వేళ్ళు అలవాటు పడతాయి.

ఆగస్టు 17, ఆదివారం

ప్రాక్టీసు. గౌతమ్ దాన్ని చూసి, "ఇప్పుడు గిటారిస్టువయ్యావ్!" అన్నాడు. దానితో నాలుగు ఫోటోలు తీసుకున్నాడు. నన్ను ఒక దాంట్లో కూడా ఉంచలేదు, గిటార్ మాత్రం అన్నిటిలో ఉంది.

రెండో పాటలో నేను మెడ పైభాగానికి వెళ్ళగానే జుర్రుమని రొద. వేలు ఎంత గట్టిగా నొక్కినా పోలేదు. అలేఖ్య పాట ఆపేసింది.

"అదేంటే, అందులో కందిరీగ దూరిందా?"

"సౌండ్ బాగుంది," అన్నాడు గౌతమ్. "రా సౌండ్. అదే ఖరీదైన గిటార్ల స్పెషాలిటీ."

అలేఖ్య అతని వైపు కూడా చూడలేదు. "ఆదివారానికి అది పోవాలి రోహిణీ. లేకపోతే ఆ చోట కీబోర్డు పెట్టేస్తా. తర్వాత నన్ను అనొద్దు."

రెండేళ్ళు. అలేఖ్య తమ్ముడి గిటార్ మీద, పక్కింటివాళ్ళు గోడ కొడుతుంటే, వేళ్ళ చివర్లు కాయలు కాసేలా రెండేళ్ళు. దాని చివర కీబోర్డు.

ఆగస్టు 18, సోమవారం

వేళ్ళు అలవాటు పడతాయి.

ఆగస్టు 19, మంగళవారం

పడవు.

సాయంత్రం హాల్లో వాయిస్తున్నాను. నాన్న పని నుంచి వచ్చి, చెవి మీది పెన్సిల్ తీసి గూట్లో పెట్టి, కాసేపు నిలబడి విన్నాడు. మా నాన్న బాల్‌రాజ్ ఇరవై ఎనిమిదేళ్ళుగా తలుపులూ కిటికీలూ చేస్తున్నాడు. ఎల్బీనగర్ చుట్టుపక్కల ఆయన చేసిన తలుపులు వేసుకుని నిద్రపోయేవాళ్ళు వేలల్లో ఉంటారు.

"ఇటియ్యి బిడ్డా."

తీసుకున్నాడు. తీగలు ముట్టుకోలేదు. వేలి కణుపుతో వెనక చెక్క మీద రెండుసార్లు కొట్టాడు. తర్వాత దాన్ని బారుగా ఎత్తి, ఒక కన్ను మూసి, ఇంకో కన్ను చివర పెట్టి మెడ వెంబడి చూశాడు. తలుపు చట్రాన్ని ఎలా చూస్తాడో అలాగే. రెండు సెకన్లు పట్టిందేమో.

"మెలి వడ్డది."

"వంగిందా నాయినా?"

"వంగుడు వేరే, మెలి వేరే. వంగితే సాపు జేస్తం. ఇది తువ్వాల పిండినట్టు తిరిగింది. గిట్లాంటి చెక్క తలుపుకు పెడితే తలుపు దగ్గరికి పడది. ఎవలిచ్చిండ్రు నీకు?"

ఇరవై నాలుగున్నర వేలు, మూడు పట్టికలు, పదకొండు గంటల వీడియోలు. రెండు సెకన్లు.

"నన్ను విలువకపోతివి?" అన్నాడు. కోపంగా కాదు. గ్లాసు మంచినీళ్ళు అడిగినట్టే అన్నాడు.

"నీకు పని ఉండె గద."

"శుక్రారం పంద్రాగస్టు, బిడ్డా. సామిల్లు బంద్."

ఆగస్టు 20, బుధవారం

ముందు ఇది రాయాలి, లేకపోతే మళ్ళీ తప్పించుకుంటాను. నాన్నకు పని లేదు. పదో తారీఖునా లేదు, పదిహేనునా లేదు. ఏడేళ్ళ కింద నన్ను కాలేజీలో చేర్చడానికి వచ్చినప్పుడు నాన్న ప్రిన్సిపాల్ బల్లను వేలితో కొట్టి, "సార్, గిది టేకు గాదు. బోర్డు మీద టేకు కాయితం అతికిచ్చిండ్రు," అన్నాడు. ఆ గదిలో ఉన్న తల్లిదండ్రులంతా తిరిగి చూశారు. ఆ రోజు నుంచి నేను ఆయన్ని ఏ దుకాణానికీ తీసుకుపోలేదు. ఆ కాలేజీలో మూడేళ్ళు చదివాక తెలిసింది, దాని గురించి అంతకన్నా సరైన మాట ఇంకెవరూ అనలేదని.

ఈ రోజు తీసుకుపోయాను. అమ్మ కూడా బయల్దేరింది. తన పదిహేను వందలు ఎక్కడ వెనక్కి పోతాయోనని.

నాన్న దుకాణంలోకి అడుగుపెడుతూనే గల్లాపెట్టెను కొట్టాడు. నేను తల దించుకోలేదు. కొంచెం దించుకున్నాను.

"మెలి ఉంది సార్ ఇండ్ల," అన్నాడు.

త్రినాథరావు గారు కళ్ళజోడు సర్ది నాన్నను పైనుంచి కిందకు చూశారు. "వడ్రంగం పనా?"

"అవ్ సార్."

"అందుకే. ఆ మాట అన్న మొదటి కస్టమర్ మీరేనండి. లోపల ఇనప కడ్డీ ఉంటుంది, దాన్ని తిప్పితే వంపు పోతుంది. మెలి పోదు. నేను అమ్మాయి గారికి చెప్పాను, నచ్చలేదని."

"చెప్పిండా?" నాన్న నన్ను అడిగాడు.

"చెప్పారు. రెండుసార్లు."

"మరి?"

అమ్మ మెల్లగా దుకాణం బయట బజ్జీల బండి వైపు చూడటం మొదలుపెట్టింది.

నాన్న గోధుమరంగుదాన్ని తీసుకుని కన్ను పెట్టి చూశాడు. తిప్పి చూశాడు. "గిది సక్కగుంది. ఆరిన చెక్క," అన్నాడు. అక్కడి నుంచి ఇద్దరూ చెక్కల్లోకి దిగారు. పనస గురించి, వానాకాలం తలుపుల గురించి, ఇప్పుడొస్తున్న పచ్చి చెక్క గురించి, దాన్ని కొనేవాళ్ళ బుద్ధి గురించి. ఆ చివరి అంశం దగ్గర ఇద్దరూ ఒకేసారి నా వైపు చూశారు. టీ తెప్పించుకున్నారు. నాకు కూడా తెప్పించారు, తర్వాత.

మార్చిస్తారా అని అడిగాను. ఆయన ఎర్రదాన్ని వెలుతురులో తిప్పి స్క్రూల దగ్గర వేలు పెట్టి చూపించారు. వేలికి పసుపు అంటుకుంది.

"పూజ చేశారా?"

"చేసినం సార్. దీపం ముందు పెట్టినం," అంది అమ్మ, గర్వంగా. పదిహేను వందల తర్వాత ఆమె చేసిన మంచి పని అదొక్కటే.

"అయితే నేను ఎలా తీసుకుంటానమ్మా? కంపెనీ వాడైతే పసుపు ఎందుకుందంటాడు. వాడి సంగతి అలా ఉంచండి. శ్రావణ శుక్రవారం నాడు మీ ఇంట్లో దీపం ముందు కూర్చున్న లక్ష్మిని నేను మళ్ళీ దుకాణంలోకి లాక్కొస్తే నాకు మంచిదా, మీకు మంచిదా?"

ఇరవై నిమిషాల కింద ఈయన మాట ఒక్కటి కూడా నమ్మని అమ్మ చెంపలు వేసుకుంది. "నిజమే సార్. వాపస్ ఇయ్యద్దు," అంది.

అలా నా తల్లే నా కేసు కొట్టేసింది.

గోధుమరంగుదాన్ని శుక్రవారం సాయంత్రం ఆరు దాకా ఎవరికీ అమ్మకుండా పక్కన పెడతానన్నారు. సెటప్ కూడా కలిపి అదే పన్నెండు వేలట. శనివారం అమావాస్య, ఆ రోజు మా అమ్మ ఉప్పు కూడా కొననివ్వదు. ఆదివారం ప్రాక్టీసు. నా దగ్గర మిగిలినవి మూడున్నర వేలు. నాన్న తానిస్తానన్నాడు. వద్దన్నాను. ఈ ఒక్క వస్తువు నా డబ్బుతోనే కొనాలి. కనీసం రెండోసారైనా.

"మెలి వడ్డ చెక్కను ఏం చేస్తారు నాయినా?" అని మెట్రోలో అడిగాను.

"పారేయం. తలుపుకు పనికిరాదు గని గోడకు ఏదన్న చేసి తగిలిస్తం. గోడకుంటే మెలి ఎవలికి కనవడది."

గోడకు.

ఆగస్టు 21, గురువారం

గౌతమ్‌కు పంపడానికి పొద్దున ఒకటి రాశాను: 'ఎర్ర గిటార్ అమ్ముతున్నా. ఆరు రోజులే వాడింది. కొత్తదానిలా ఉంది. సౌండ్ నువ్వు విన్నావుగా.' ఇందులో ఒక్క అబద్ధం లేదు. చదివి కొట్టేశాను. కాలేజీ బల్ల మీద అతికించిన కాయితం కూడా టేకు బొమ్మే.

ధర దగ్గర ఆగిపోయాను. నాకు కావాల్సింది ఎనిమిదిన్నర వేలు. అది చెబితే అతని సిద్ధాంతం ప్రకారం అది గిటార్ కాకుండా పోతుంది. ఇరవై వేలు చెబితే నా సిద్ధాంతం ప్రకారం నేను మనిషిని కాకుండా పోతాను. పద్నాలుగు అనుకున్నాను. మెలి గురించి చెప్పాలి. చెబితే కొనడేమో, అప్పుడు ఆదివారం నా చోట కీబోర్డు ఉంటుంది. లేదా మా అమ్మలాగే ఆలోచిస్తాడేమో: అమ్మేదే బాగాలేదంటోందంటే తనకే ఉంచుకోవాలని చూస్తోంది, తప్పకుండా కొనాలి. అలా జరిగితే నేను నిజం చెప్పినట్టా, మోసం చేసినట్టా? దీనికి మార్కులు వేయను. పట్టిక చింపేశాను.

రేపు పొద్దున పంపాల్సింది ఇది. మార్చకూడదు.

గౌతమ్, నా ఎర్ర గిటార్ అమ్ముతున్నాను. వారం కింద ఇరవై నాలుగున్నర వేలకు కొన్నాను. మెడలో మెలి ఉంది. అది పోదు. మా నాన్న చెప్పాడు, ఆయన తలుపులు చేస్తాడు. అమ్మినాయన కూడా కొనకముందే చెప్పాడు, నేను వినలేదు. మెడ పైభాగంలో రొద వస్తుంది. ఆదివారం నువ్వు బాగుందన్నది దాన్నే. స్క్రూల్లో పసుపు ఉంది. ప్రోగ్రాంలో వాయించడానికి ఇది పనికిరాదు. గోడకు తగిలిస్తే మాత్రం నీ మూడింటికన్నా అందంగా ఉంటుంది, వీడియోలో మెలి కనబడదు. ధర పద్నాలుగు వేలు. బేరమాడాలంటే మా అమ్మతో ఆడాలి. కావాలో వద్దో ఈ రోజు, శుక్రవారం 22వ తేదీ, సాయంత్రం ఐదు లోపు చెప్పు.